ఆలస్యమైన పతకం, ఆగిపోయిన పింఛను

యుద్ధాలు మొదలుపెట్టేవారు వేరు, యుద్ధాల్లో ప్రాణాలిచ్చేవారు వేరు. మొదటివారి పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. రెండోవారి పేర్లు స్మారక శిలల మీద ఉంటాయి. చాలామందికి ఆ రాయి కూడా దక్కదు. అయితే ప్రతి యుద్ధానికీ ఎప్పుడో ఒకనాడు ఒక విచిత్రమైన ఘడియ వస్తుంది. లక్షలాది మంది పోరాడిన ఆ యుద్ధం నుంచి ఒకే ఒక్క మనిషి మిగులుతాడు. అప్పటిదాకా ఆయన ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏం తిని బతుకుతున్నాడో పట్టించుకోని ప్రభుత్వాలకు ఆయన హఠాత్తుగా గుర్తుకొస్తాడు. మంత్రులు వస్తారు, పతకాలు వస్తాయి, పత్రికల్లో ఫోటోలు వస్తాయి. ఆయన కన్నుమూస్తే జాతీయ జెండా కప్పి తుపాకులు పేలుస్తారు.

ఈ మర్యాదను ఎవరూ కాదనరు. మిగిలిన ఒక్కరినైనా గౌరవించడం మంచిదే. కానీ ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి ఇజ్జత్, రెండోది హక్. ఇజ్జత్ అంటే గౌరవం, అది ఇచ్చేవారి పెద్దమనసును బట్టి ఉంటుంది. హక్ అంటే హక్కు, అది ఇవ్వవలసిన బాకీ. బాకీ తీర్చకుండా దండ వేస్తే ఆ దండ అందంగానే కనిపిస్తుంది గాని బాకీ మాత్రం అలాగే ఉండిపోతుంది. గత శతాబ్దంలో జరిగిన రెండు మహా యుద్ధాల చివరి వీరుల కథలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

ఒక్క రోజు తేడా

పశ్చిమాఫ్రికాలో సెనెగల్ అనే ముస్లిం దేశం ఉంది. 1960 దాకా అది ఫ్రాన్సు ఏలుబడిలో ఉండేది. ఫ్రెంచివారు 1857లో అక్కడ ఒక సైన్యాన్ని ఏర్పాటు చేసి దానికి 'సెనెగల్ తిరైయోర్లు' అని పేరు పెట్టారు. తిరైయోర్ అంటే తుపాకీ సిపాయి. పేరు సెనెగల్‌దే అయినా మాలీ, గినీ, బుర్కినా ఫాసో వంటి నేటి దేశాల ప్రాంతాల నుంచి కూడా యువకులను ఆ సైన్యంలో చేర్చుకున్నారు. కొందరు ఇష్టపడి చేరారు. చాలామందిని ఊళ్ళ మీద పడి బలవంతంగా తీసుకుపోయారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పశ్చిమాఫ్రికా నుంచి దాదాపు 2 లక్షల మంది ఫ్రాన్సు సైన్యంలో పనిచేశారు. వారిలో సుమారు 1 లక్షా 35 వేల మంది ఐరోపా గడ్డ మీద పోరాడారు. దాదాపు 30 వేల మంది తిరిగి రాలేదు. మంచు అంటే ఏమిటో తెలియని మనుషులు బురద కందకాల్లో, గడ్డకట్టే చలిలో నిలబడి, తాము ఎన్నడూ చూడని దేశాన్ని కాపాడారు.

ఆ లక్షల మందిలో చివరికి మిగిలిన మనిషి పేరు అబ్దులాయ్ ఎన్డియాయ్. అబ్దులాయ్ అంటే మరేమీ కాదు, మన అబ్దుల్లాయే. వారి భాషలో అలా పలుకుతారు. 1894లో పుట్టిన ఆయన 1916లో సోమ్ నది ఒడ్డున జరిగిన భయంకర యుద్ధంలో గాయపడ్డాడు. ప్రాణాలతో బయటపడి, యుద్ధం ముగిశాక తియోవోర్ అనే తన పల్లెకు చేరి, పేద రైతుగా బతికాడు. ఏళ్ళు గడిచాయి, దశాబ్దాలు గడిచాయి. తోటివారంతా ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు.

1998 నవంబర్ 11 నాటికి ఆ యుద్ధం ముగిసి 80 ఏళ్ళు. ఆ సందర్భంగా అబ్దులాయ్‌కు ఫ్రాన్సు తన అత్యున్నత పురస్కారమైన 'లీజియన్ ఆఫ్ ఆనర్' ఇవ్వాలని నిర్ణయించింది. ఫ్రాన్సు అధికారులు ఆ పల్లెకు వచ్చి, ఆయన ఛాతీ మీద ఆ పతకం తగిలించాలి. ఏర్పాట్లన్నీ జరిగాయి. కానీ నవంబర్ 10న, అంటే సరిగ్గా ఒక్క రోజు ముందు, 104 ఏళ్ళ వయసులో అబ్దులాయ్ కన్నుమూశాడు.

ఒక్క రోజే గదా ఆలస్యం, అది అల్లాహ్ నిర్ణయం అని కొందరనవచ్చు. మరణ ఘడియ మన చేతిలో లేదు, నిజమే. కానీ 80 ఏళ్ళు మనుషుల చేతిలోనే ఉన్నాయి గదా! 29,000 రోజులకు పైగా గడిచాయి. అందులో ఏ ఒక్క రోజునైనా ఆ పతకం ఆ పల్లెకు చేరి ఉండవచ్చు. ఆలస్యమైంది ఒక్క రోజు కాదు, 80 ఏళ్ళు.

గడ్డకట్టిన పింఛన్లు

పతకం ఆలస్యమైతే మనసు నొచ్చుకుంటుంది. పింఛను ఆగిపోతే పొయ్యి ఆరిపోతుంది. ఆఫ్రికా సిపాయిలకు జరిగిన అసలు అన్యాయం ఇదే.

1950ల చివర్లో, 60ల మొదట్లో ఫ్రాన్సు వలసలు ఒకదాని తర్వాత ఒకటి స్వతంత్ర దేశాలయ్యాయి. ఆ సమయంలోనే, 1959 డిసెంబర్‌లో, ఫ్రాన్సు తన బడ్జెట్ చట్టంలో ఒక నిబంధన చేర్చింది. స్వతంత్రం పొందిన దేశాల పౌరులైన మాజీ సైనికుల పింఛన్లను అప్పటికి ఉన్న మొత్తం దగ్గరే నిలిపివేయడం దాని సారాంశం. దీనికి వారు పెట్టుకున్న పేరు 'గడ్డకట్టించడం' అన్న అర్థమిచ్చే మాట. ఫ్రెంచి సైనికుడి పింఛను ధరలతో పాటు ఏటేటా పెరుగుతూ పోయింది. అదే కందకంలో, అదే తూటాకు గాయపడిన ఆఫ్రికా సైనికుడి పింఛను మాత్రం నీళ్ళు మంచుగడ్డ అయినట్లు ఉన్నచోటే ఉండిపోయింది. నలభై ఏళ్ళ తర్వాత చూస్తే ఒకే హోదా, ఒకే సర్వీసు ఉన్న ఇద్దరిలో ఒకరికి అందేది రెండోవారికి అందేదానిలో మూడో వంతు, కొందరి విషయంలో అంతకంటే తక్కువ.

ఈ అన్యాయం మీద అమదూ దియోప్ అనే సెనెగల్ మాజీ సార్జెంట్ ఫ్రాన్సు న్యాయస్థానం తలుపు తట్టాడు. 2001 నవంబర్ 30న ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, పౌరసత్వాన్ని బట్టి పింఛనులో తేడా చూపడం వివక్షే అవుతుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన తర్వాత కూడా పూర్తి సమానత్వం రాలేదు. ఆయా దేశాల్లో బతుకు ఖర్చు తక్కువ గనుక పింఛను కూడా తక్కువే చాలన్న లెక్క తీశారు. రక్తం కారేటప్పుడు లేని లెక్క రూపాయి ఇచ్చేటప్పుడు వచ్చింది.

తర్వాత కదలిక తెచ్చింది ఒక సినిమా కావడం విశేషం. 2006లో రషీద్ బుషారెబ్ అనే దర్శకుడు రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు విముక్తి కోసం పోరాడిన ఉత్తరాఫ్రికా ముస్లిం సైనికుల మీద 'ఇందిజేన్' అనే చిత్రం తీశాడు. ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో ఆ సినిమాలోని ప్రధాన నటులకు కలిపి ఉత్తమ నటుల పురస్కారం ఇచ్చారు. అప్పటి అధ్యక్షుడు జాక్ షిరాక్ ఆ చిత్రం చూశాక, 2006 సెప్టెంబర్‌లో ప్రభుత్వం కొన్ని పింఛన్లను ఫ్రెంచి సైనికులతో సమానం చేస్తున్నట్లు ప్రకటించింది. సుమారు 80 వేల మందికి మేలు జరుగుతుందని అంచనా. మిగిలిన తేడాలను 2010 మే నెలలో ఆ దేశ రాజ్యాంగ మండలి కొట్టివేసింది. 1959లో గడ్డకట్టిన మంచు పూర్తిగా కరగడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఆ అర్ధ శతాబ్దంలో ఎంతమంది అబ్దుల్లాలు, ఎంతమంది అమదూలు వెళ్ళిపోయారో ఆలోచించండి.

ఇంకా ఒక ముడి మిగిలింది. ఫ్రాన్సులో పేద వృద్ధులకు ఇచ్చే భృతి అందాలంటే అప్పట్లో ఏడాదిలో కనీసం ఆరు నెలలు ఆ దేశంలోనే ఉండవలసి వచ్చేది. అందుకోసం ఇండోచైనా, అల్జీరియా యుద్ధాల్లో పనిచేసిన ముదుసలి తిరైయోర్లు ప్యారిస్ శివార్లలోని వసతి గృహాల్లో చిన్న చిన్న గదుల్లో ఒంటరిగా రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయారు. భార్యాబిడ్డలు, మనవలు, మనవరాళ్ళు సెనెగల్‌లో. భృతి ఫ్రాన్సులో. ఏది కావాలో ఎంచుకోవాలి. 2023లో ఈ షరతు ఎత్తివేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 28న తొమ్మిది మంది వృద్ధ సైనికులు నెలకు దాదాపు 950 యూరోల భృతి వదులుకోకుండానే స్వదేశం చేరారు. అందులో తొంభై దాటినవారూ ఉన్నారు. ఇంటికి పోయి మనవల మధ్య కన్నుమూయడం కూడా ఒక హక్కే అని గుర్తించడానికి అంత కాలం పట్టింది.

జీతం అడిగినందుకు తూటాలు

హక్కు అడిగిన సైనికుడికి ఒకప్పుడు ఏం జరిగిందో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1944లో జర్మనీవారి చెర నుంచి విడుదలైన తిరైయోర్లను సెనెగల్ రాజధాని డాకర్ దగ్గరున్న తియరోయ్ శిబిరానికి చేర్చారు. తమకు రావలసిన బకాయి జీతం ఇవ్వమని వారు పట్టుబట్టారు. డిసెంబర్ 1 తెల్లవారుజామున వారి మీద ఫ్రెంచి సైన్యమే కాల్పులు జరిపింది. 35 మంది చనిపోయారని అప్పటి అధికారుల లెక్క. నిజానికి మృతులు కొన్ని వందల మంది ఉంటారని పలువురు చరిత్రకారుల మాట. 2024లో ఫ్రాన్సు ఆ మృతుల్లో ఆరుగురిని దేశం కోసం మరణించినవారిగా గుర్తించింది. ఆ ఏడాది నవంబర్‌లో అధ్యక్షుడు మాక్రాన్ సెనెగల్ అధ్యక్షుడికి రాసిన లేఖలో అది ఊచకోత అని ఒప్పుకున్నాడు. అప్పటికి ఆ సంఘటనకు 80 ఏళ్ళు. మళ్ళీ అదే 80!

అందరి పేరుతో అయితేనే

ఇక ఫ్రాన్సు దేశపు చివరి సైనికుడి సంగతి చూద్దాం. ఆయన పుట్టుకతో ఫ్రెంచివాడు కాదు. లాజార్ పొంతిచెల్లి 1897లో ఇటలీలో ఒక నిరుపేద కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే పొట్ట చేతపట్టుకుని ప్యారిస్ చేరి, పొగగొట్టాలు శుభ్రం చేసి, పత్రికలు అమ్మి బతికాడు. 1914లో వయసు ఎక్కువ చెప్పి విదేశీయుల దళంలో చేరాడు. తనకు అన్నం పెట్టిన దేశానికి కృతజ్ఞత చూపడానికే చేరానని తర్వాత చెప్పుకున్నాడు. యుద్ధం తర్వాత అన్నదమ్ములతో కలిసి వ్యాపారం స్థాపించి పైకొచ్చాడు. పతకాలను మాత్రం ఒక చెప్పుల డబ్బాలో దాచుకున్నాడని చెబుతారు.

2005లో ఫ్రాన్సు ప్రభుత్వం, మొదటి ప్రపంచ యుద్ధపు చివరి సైనికుడు చనిపోయినప్పుడు అధికార లాంఛనాలతో జాతీయ అంత్యక్రియలు జరుపుతామని ప్రకటించింది. పొంతిచెల్లి ముందు వద్దన్నాడు. ఏ గౌరవమూ అందుకోకుండా మట్టిలో కలిసిపోయిన లక్షల మందిని వదిలేసి, ఎక్కువకాలం బతికినందుకు తన ఒక్కడికి అంత వైభవం చేయడం వారిని అవమానించడమే అవుతుందని ఆయన వాదన. 2008 జనవరి 20న లూయీ ద కజనావ్ మరణించాడు. ఆయన యుద్ధంలో సెనెగల్ తిరైయోర్ల దళంలో పనిచేసినవాడు. ఆయనా ప్రభుత్వ లాంఛనాలు వద్దన్నవాడే. దానితో పొంతిచెల్లి ఒక్కడే మిగిలాడు. అప్పుడు ఆయన మెత్తబడి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆర్భాటం ఉండకూడదు. ఆ మర్యాద తనకు కాదు, ఆ యుద్ధంలో చనిపోయిన స్త్రీ పురుషులందరికీ చేసినట్లు ఉండాలి.

2008 మార్చి 12న, 110 ఏళ్ళ వయసులో పొంతిచెల్లి కన్నుమూశాడు. 17వ తేదీన ప్యారిస్‌లోని ఇన్వలీద్‌లో అధ్యక్షుడు సర్కోజీ సమక్షంలో అంతిమ సంస్కార ప్రార్థన జరిగింది. ఒక పరాయి దేశపు బీద పిల్లవాడు చివరికి ఆ దేశపు సైనికులందరికీ ప్రతినిధి అయ్యాడు. చివరివాడికి చేసే గౌరవానికి అర్థం ఏమిటో ఆయన ఒక్క మాటతో చెప్పేశాడు. అది ఒకరి సొత్తు కాదు, అందరి అమానతు. చివరివాడు దాన్ని మోసేవాడు మాత్రమే.

అమెరికాలోనూ ఇదే మాట వినిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అత్యున్నత సాహస పతకం 'మెడల్ ఆఫ్ ఆనర్' పొందినవారిలో చివరివాడైన హెర్షెల్ వుడీ విలియమ్స్ 2022 జూన్ 29న, 98వ ఏట మరణించాడు. ఆయన పార్థివ దేహాన్ని జూలై 14న ఆ దేశ పార్లమెంటు భవనంలో ప్రజల సందర్శనార్థం ఉంచారు. 1945 ఫిబ్రవరిలో ఇవో జిమా దీవిలో తనను కాపాడుతూ ఇద్దరు సహచరులు ప్రాణాలు వదిలారని, తన మెడలోని పతకం వారిదేనని, తాను దాన్ని వారి తరఫున ధరిస్తున్నానని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చాడు.

కొరియా యుద్ధ వీరుడు రాల్ఫ్ పకెట్‌ది మరో రకం కథ. 1950 నవంబర్‌లో ఒక కొండ మీద చూపిన సాహసానికి ఆయనకు దక్కవలసిన అత్యున్నత పతకం 2021 మే నెలలో, అంటే 70 ఏళ్ళ తర్వాత, దక్కింది. ఇంత హడావిడి దేనికి, పోస్టులో పంపితే సరిపోదా అని ఆయన అన్నాడట! 2024 ఏప్రిల్ 8న ఆయన పోయినప్పుడు, ఆ యుద్ధపు మెడల్ ఆఫ్ ఆనర్ గ్రహీతల్లో అప్పటికి బతికి ఉన్నది ఆయన ఒక్కడే. ఆయన దేహాన్నీ అదే భవనంలో ఉంచి నివాళులర్పించారు. అబ్దులాయ్‌కు ఒక్క రోజు తప్పిపోయింది, పకెట్‌కు మూడేళ్ళు దక్కాయి. తేడా అంతే.

హిందూస్తాన్ చివరి విక్టోరియా క్రాస్

ఇప్పుడు మన వతన్‌కు వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో అవిభక్త భారతదేశం నుంచి సుమారు 25 లక్షల మంది సైన్యంలో పనిచేశారు. 87 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. వారికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్. అది పొందినవారిలో హిందువులు, ముస్లింలు, సిక్కులు, గూర్ఖాలు అందరూ ఉన్నారు. 1914లో ఆ పతకం పొందిన మొట్టమొదటి భారతీయ సైనికుడు ఖుదాదాద్ ఖాన్. 1944లో ఇంఫాల్ దగ్గర జాట్ రెజిమెంటు జమేదార్ అబ్దుల్ హఫీజ్ మరణానంతరం ఆ పతకం పొందాడు. 1947లో దేశం రెండైంది. పతకం పొందినవారు కూడా రెండు దేశాల పౌరులయ్యారు. పాకిస్తాన్‌లో మిగిలిన చివరివాడు అలీ హైదర్ 1999లో కన్నుమూశాడు. భారతదేశంలో మిగిలిన చివరివాడు హర్యానాలోని ఝజ్జర్ జిల్లా పల్రా గ్రామానికి చెందిన ఉమ్రావ్ సింగ్.

ఉమ్రావ్ సింగ్ ఫిరంగి దళంలో హవల్దారు. 1944 డిసెంబర్ 15 రాత్రి బర్మాలోని కలదాన్ లోయలో, పశ్చిమాఫ్రికా సైనికులకు తోడుగా నిలిచిన ఫిరంగి దళంలో ఆయన ఉన్నాడు. జపాను సైన్యం గంటన్నర పాటు గుళ్ళ వర్షం కురిపించి మీదికి వచ్చింది. ఆయన గాయపడ్డాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ గాయపడ్డాడు. తోటివారు నేలకొరిగారు, గుళ్ళు అయిపోయాయి. చివరికి ఫిరంగిని తిప్పే ఇనుప కడ్డీ చేతపట్టుకుని పోరాడాడు. ఆరు గంటల తర్వాత మనవాళ్ళు వచ్చి చూస్తే, ఒంటి మీద ఏడు పెద్ద గాయాలతో స్పృహ లేకుండా తన ఫిరంగి పక్కనే పడి ఉన్నాడు. చుట్టూ పదిమంది శత్రు సైనికుల శవాలు. ఫిరంగి మాత్రం చెక్కుచెదరలేదు. 1945 అక్టోబర్‌లో లండన్‌లో రాజు ఆరో జార్జి స్వయంగా ఆయనకు పతకం తగిలించాడు.

స్వాతంత్ర్యం తర్వాత ఆయన భారత సైన్యంలో సుబేదార్ మేజర్ అయ్యి, గౌరవ కెప్టెన్ హోదాతో విశ్రాంతి తీసుకున్నాడు. 1983లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. కానీ జీవితం మాత్రం కొద్దిపాటి పొలం మీద నడిచే మామూలు రైతు జీవితమే. పతకాలు సేకరించే ధనవంతులు పెద్ద మొత్తాలు ఆశ చూపి దాన్ని అమ్మమని అడిగారు. ఆ పతకం అమ్మితే యుద్ధంలో తన పక్కన నేలకొరిగినవారి గౌరవానికి మచ్చ తెచ్చినట్లవుతుందని ఆయన ఒప్పుకోలేదు. పేదరికంలోనూ అమానతును కాపాడుకున్నాడు.

1995లో యుద్ధం ముగిసిన 50 ఏళ్ళ వేడుకలకు ఉమ్రావ్ సింగ్ లండన్ వెళ్ళాడు. అక్కడ ప్రముఖుల జాబితాలో పేరు లేదని ఆయన్ను ఆపేశారు. ఆయన ఛాతీ మీది ఎర్రని రిబ్బను చూసి అదేమిటో గుర్తుపట్టిన ఒక బ్రిటిష్ బ్రిగేడియర్ కల్పించుకుని లోపలికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. ఆ పర్యటనలో బ్రిటిష్ ప్రధాని జాన్ మేజర్‌ను కలిసినప్పుడు ఉమ్రావ్ సింగ్ తన సొంత సన్మానం గురించి మాట్లాడలేదు. విక్టోరియా క్రాస్ గ్రహీతలకు ఇచ్చే భృతి ఏళ్ళ తరబడి పెరగలేదన్న సంగతి ఎత్తాడు. 1959లో ఏటా 100 పౌండ్లుగా నిర్ణయించిన బ్రిటిష్ భృతి 36 ఏళ్ళుగా అలాగే ఉంది. 1995లోనే దాన్ని 1,300 పౌండ్లకు పెంచారు. విందుకు పిలిస్తే బాకీ గుర్తుచేసి వచ్చిన మనిషి ఆయన!

2005 నవంబర్ 21న ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో ఉమ్రావ్ సింగ్ కన్నుమూశాడు. సొంత ఊళ్ళో పూర్తి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. దేశ సైన్యాధిపతి, రాష్ట్ర ముఖ్యమంత్రి హాజరయ్యారు. ఆ గౌరవానికి ఆయన అన్ని విధాలా తగినవాడు. అయితే ఆయన్ను తలచుకునేటప్పుడు తుపాకుల వందనంతో పాటు, ప్రధాని ముందు నిలబడి హక్కు అడిగిన ఆ ముసలి రైతు ముఖం కూడా గుర్తుండాలి.

పతకం ఉంది, వీసా లేదు

నేపాల్ గూర్ఖా వీరుడు తుల్ బహదూర్ పున్ కథ మరీ వింత. 1944 జూన్‌లో బర్మాలోని మొగౌంగ్ దగ్గర సహచరులంతా పడిపోయినా ఒంటరిగా శత్రువు మీదికి దూసుకుపోయి విక్టోరియా క్రాస్ పొందిన మనిషి. వృద్ధాప్యంలో రోగాలు ముసిరి, మంచి వైద్యం కోసం బ్రిటన్‌లో ఉండడానికి వీసా అడిగాడు. బ్రిటన్‌తో ఆయనకు గట్టి సంబంధం ఉన్నట్లు రుజువు కాలేదని అధికారులు దరఖాస్తు తిరస్కరించారు. ఆ దేశపు అత్యున్నత పతకం కంటే గట్టి సంబంధం ఏముంటుంది? ఈ వార్త బయటికి వచ్చాక ఆ దేశ ప్రజలే సిగ్గుపడి గొడవ చేశారు. 2007లో వీసా వచ్చింది. 2009లో, 1997కు ముందు విశ్రాంతి తీసుకున్న గూర్ఖా సైనికులు కూడా బ్రిటన్‌లో స్థిరపడవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. ఈ పోరాటంలో పున్‌తో పాటు మరో విక్టోరియా క్రాస్ వీరుడు లఛిమన్ గురుంగ్ కూడా ముందు నిలబడ్డాడు. లఛిమన్ 2010 డిసెంబర్‌లో, పున్ 2011 ఏప్రిల్‌లో మరణించారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పతకం పొందిన గూర్ఖాల్లో పున్ చివరివాడు. పేరులేని వేలాది గూర్ఖాల కోసం తన పతకాన్ని వాడినవాడు.

మనం చేయగలిగింది

ఈ కథలన్నీ ఎక్కడో దూర దేశాలవి, మనకేమిటి అనుకోనక్కర లేదు. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాలు జోధ్‌పూర్, హైదరాబాద్, మైసూరు అశ్వికదళాల జ్ఞాపకార్థం 1922లో నిలిపినవి. మొదటి ప్రపంచ యుద్ధంలో సినాయ్, పాలస్తీనా ఎడారుల దాకా పోయిన హైదరాబాద్ సిపాయిల పేర్లు వారి సొంత నగరంలో ఎంతమందికి తెలుసు? పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం 'మిలటరీ మాధవరం' అనే పిలుస్తారు. తరతరాలుగా అక్కడి ఇళ్ళ నుంచి సైన్యానికి వెళుతూనే ఉన్నారు. అలాంటి ఊళ్ళు తెలుగునాట ఇంకా ఉన్నాయి. వారిలో పతకాలు వచ్చినవారు కొందరే. ఏ పతకమూ లేకుండా వచ్చి, కాలు ఈడ్చుకుంటూ, పాత ట్రంకు పెట్టెలో డిశ్చార్జి పుస్తకం దాచుకుని కాలం చేసినవారే ఎక్కువ.

అలాంటి ఒక పెద్దాయన మన మొహల్లాలో ఉండవచ్చు. ఆయన పోయి ఉంటే వితంతువు ఉండవచ్చు. ఆమెకు రావలసిన కుటుంబ పింఛను, ఆమె పేరున ఉన్న సహాయం సరైన కాగితం లేక ఆగిపోయి ఉండవచ్చు. జిల్లాల స్థాయిలో సైనిక సంక్షేమ వ్యవస్థ ఉంది. మాజీ సైనికుల, వారి వితంతువుల దరఖాస్తులు చూడడం దాని పని. కానీ చదువు రాని ముసలమ్మ ఒంటరిగా ఆ గుమ్మం ఎక్కలేదు. మన ఇళ్ళల్లో డిగ్రీలు చదివిన కుర్రవాళ్ళు ఉన్నారు. జుమా నమాజు తర్వాత ఒక గంట సమయం తీసి, ఆ కాగితాలు సరిచూసి, ఒక దరఖాస్తు రాసి, ఆమెను వెంటబెట్టుకుని ఆ కార్యాలయానికి పోవడం వారికి పెద్ద పని కాదు. పింఛను కాగితంలో పేరు ఒకలాగా, ఆధార్ కార్డులో మరోలాగా ఉంటే దాన్ని సరిచేయించడం కూడా సేవే. ఉర్దూలో ఒకలా, తెలుగులో ఒకలా, ఇంగ్లీషులో మరోలా రాసే మన పేర్లతో ఈ చిక్కు ఎంత తరచుగా వస్తుందో మీకందరికీ తెలిసిందే.

రెండో పని కూడా ఉంది. ఆ పెద్దాయన బతికి ఉండగానే ఆయన పక్కన కూర్చుని, ఏ దళంలో పనిచేశాడో, ఎక్కడ పోరాడాడో, పక్కన ఎవరు పడిపోయారో అడిగి రాసిపెట్టండి. చివరివాడు పోయేటప్పుడు ఆయనతో పాటు వేలమంది పేర్లు పోతాయి. ఒక నోటుపుస్తకం చాలు వాటిని ఆపడానికి.

ప్రభుత్వాలు పతకాలు ఇవ్వనీయండి, తుపాకులు పేల్చనీయండి. అది వారి మర్యాద. కానీ సైనికుడి హక్కు ఆయన కళ్ళు తెరిచి ఉండగానే ఆయన చేతికి అందాలి. అబ్దులాయ్ పల్లెకు పతకం చేరేసరికి ఆయన లేడు. మన మొహల్లాలోని ముసలమ్మకు పింఛను చేరేసరికి ఆమె ఉండాలి.